అంచు లెక్క చెప్పరేం?

మళ్లీ అదే తంతు. సూర్యుడిలోలా పరమాణు కేంద్రకాలను కలిపి (సంలీనం) కరెంటు తీయాలన్న ప్రయత్నంలో, 2025 జనవరిలో చైనా టోకమాక్ ‘ఈస్ట్’ ప్లాస్మాను 1,066 సెకన్లు నిలబెట్టింది. ప్లాస్మా అంటే విద్యుదావేశం పొందిన అతివేడి వాయువు; దాన్ని అయస్కాంత క్షేత్రంతో బంధించే ఉంగరం లాంటి యంత్రం టోకమాక్. నెల తిరగకముందే ఫ్రాన్స్‌లోని ‘వెస్ట్’ 1,337 సెకన్లతో ఆ రికార్డును చెరిపేసింది. భూమ్మీద సూర్యుడు వెలిశాడంటూ పత్రికలు, మాతో సహా, పొంగిపోయాయి. ఆ వేడి చివరికి ఏ గోడ మీద, ఎంత పడిందని అడిగినవారు అరుదు. వెస్ట్‌ను ఈ రూపంలో తిరిగి నిర్మించిందే టంగ్‌స్టన్ గోడను పరీక్షించడానికి! ఆ రికార్డు ప్రయోగంలో ప్లాస్మాను వేడి చేసిన శక్తి 2 మెగావాట్లు. పలు దేశాలు కలిసి ఫ్రాన్స్‌లో కడుతున్న పెద్ద టోకమాక్ ‘ఐటర్’ అనుకున్నట్టు పనిచేస్తే బయటి నుంచి ఇచ్చే 50, సంలీనం నుంచే పుట్టే మరో 100 కలిపి 150 మెగావాట్లు ప్లాస్మాను వేడెక్కిస్తాయి. అందులో అధిక భాగం ప్లాస్మా అంచు దాటి గోడల వైపు రావలసిందే.

పైన పటారం లోన లొటారం అంటాం. ఇక్కడ సామెత తిరగబడింది. లోపల 15 కోట్ల డిగ్రీల పటారం, లొటారమంతా అంచున.

అయస్కాంత క్షేత్రం ప్లాస్మాను పట్టి ఉంచుతుందన్నది సగం నిజమే. ప్లాస్మా నిశ్చలంగా ఉండదు. లోపల సుడులు రేగి వేడిని బయటికి తోస్తాయి. అంచుకు వచ్చేసరికి ఆ తోపిడి సాఫీ ప్రవాహంగా కాక ముద్దలు ముద్దలుగా, ఉండి ఉండి విసిరినట్టు సాగుతుంది. ఆ ముద్దలు డైవర్టర్‌ను, అంటే బయటికొచ్చే వేడిని తట్టుకునేందుకే అమర్చిన భాగాన్ని, తప్పించుకుని, అంత వేడికి సిద్ధం చేయని గోడల దాకా పోగలవు. 1982లో జర్మనీలోని ఆస్‌డెక్స్ యంత్రంలో ఒక వింత బయటపడింది. తాపనం ఒక హద్దు దాటగానే అంచున సుడులు తెగిపోయి, వేడి లోపలే నిలిచింది. ‘హెచ్-మోడ్’ అని పేరు పెట్టి పండుగ చేసుకున్నారు, తప్పులేదు. కానీ కట్టకు నీరు నిండినట్టు అంచున పీడనం పేరుకుని, ఉన్నట్టుండి తెగి గోడను కొట్టడం కూడా దానితోనే వచ్చింది. సుడి లోపల శత్రువు. గోడ దగ్గర మాత్రం వేడిని విస్తారంగా పరిచే మిత్రుడు. ఎక్కడ ఎంత ఉండాలో తేల్చడమే అసలు పని.

అది తేలిందా? ఆరు టోకమాక్‌ల కొలతలతో 2013లో ప్రచురితమైన సూత్రం ప్రకారం ఐటర్‌లో వేడి బయటికి జారే పట్టీ మందం సుమారు 1 మిల్లీమీటరు. ప్రిన్‌స్టన్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు సూపర్ కంప్యూటర్ మీద చేసి 2017లో ప్రచురించిన అనుకరణ సుమారు 6 అంది. నేటి యంత్రాల విషయంలో ఆ సూత్రంతో ఏకీభవించిన అనుకరణే ఐటర్ దగ్గరికి వచ్చేసరికి విడిపోయింది. అక్కడ అంచు అల్లకల్లోలం తీరే వేరుగా ఉంటుందని దాని అంచనా. డైవర్టర్ నిలకడగా తట్టుకోగలిగేది చదరపు మీటరుకు 10 మెగావాట్ల వరకు. పట్టీ ఎంత సన్నదైతే అదే వేడి అంత తక్కువ చోట పడుతుంది కనుక, 1కీ 6కీ ఉన్న తేడా దానికి చావుబతుకుల తేడా.

పరిశోధనకు నిధులు రావాలంటే ఆశ చూపక తప్పదని, చల్లని వాయువును అంచున చొప్పించి వేడిని కాంతిగా వెదజల్లే ఉపాయం ఉందని కొందరి వాదన. ఉంది, కాదనం. ఆ ఉపాయం అన్నివేళలా పనిచేస్తుందని చూపించాకే కరెంటు వచ్చే తేదీ ప్రకటించమంటున్నాం.

ఎందుకంటే తేదీల చరిత్ర మన ముందే ఉంది. ఐటర్ తొలి ప్లాస్మాకు మొదట అనుకున్నది 2016, తర్వాత 2025. 2024లో సవరించిన ప్రణాళిక ప్రకారం పరిశోధన మొదలయ్యేది 2034లో, హైడ్రోజన్ రూపాలైన డ్యుటీరియం-ట్రిటియం ఇంధనంతో ప్రయోగాలు 2039లో. ఈ జాప్యాలకు అంచు సుడులు కారణం కూడా కాదు. కోవిడ్, తయారీ లోపాలు చాలాయి. అంచు పరీక్ష ఇంకా ముందుంది. అయినా అంచు లెక్క చెప్పకుండా తేదీ చెప్పే అలవాటు ఇప్పుడు ప్రైవేటు కంపెనీలకూ అంటుకుంది. అయస్కాంత బలం పెంచి టోకమాక్‌ను చిన్నది చేస్తామంటున్న వారిది మరీ విడ్డూరం. పైన చెప్పిన 2013 సూత్రం ప్రకారం క్షేత్రం పెరిగేకొద్దీ ఆ వేడి పట్టీ ఇంకా సన్నబడుతుంది! తమ యంత్రం గొప్పతనంగా చెప్పుకునేదే గోడకు శాపమయ్యే అవకాశం ఉన్నప్పుడు, ఆ ముక్క ప్రకటన మొదటి పేజీలో ఎందుకుండదు? ఒకరు అంచు ఊసెత్తకుండా నిధులు తెచ్చుకుంటే రెండో వాడు ఎందుకు ఎత్తుతాడు?

ప్రభుత్వాలైనా అడగాలి. పన్నుల సొమ్ము పంచేటప్పుడు కేంద్రంలో ఎన్ని కోట్ల డిగ్రీలో విని తలూపే మంత్రులు, గోడ మీద చదరపు మీటరుకు ఎన్ని మెగావాట్లు పడతాయో, ఆ అంకె కొలిచిందో ఊహించిందో ఒక్క మాట అడిగితే అధికారులకు నోరు పెగలదు. అడగరు. మేమూ ఇంతకాలం అడగలేదు. ఇకపై రికార్డు ప్రకటన చేతపట్టుకుని వచ్చేవారు గోడ అంకె కూడా వెంట తెచ్చుకోండి. తేలేనివారు కరెంటు ఏ ఏడాదికి వస్తుందో మాకు చెప్పవద్దు.