సవరణ: ఊడదీసే బ్రష్‌ను కడగడం గురించి

క్రీమ్ ట్యూబ్ మూతికే బిగించి ఉండి, ఊడదీయగలిగే బ్రష్ గురించి రాసిన పోస్టులో ‘కడిగిన వెంటనే బిగించేయొచ్చు’ అన్నాను. అది తప్పు. కాస్మెటిక్స్ మైక్రోబయాలజీ పుస్తకాలు చెప్పేది వేరు: బ్రష్ కుచ్చులో మిగిలిన తడి మూతి రంధ్రంలోంచి క్రీములోకి దిగితే అక్కడ ప్రిజర్వేటివ్ (క్రీము పాడవకుండా కలిపే పదార్థం) పలచబడి, బ్యాక్టీరియా, బూజు పెరిగే వీలుంటుంది. కాబట్టి పూర్తిగా ఆరాకే బిగించాలి. కొసలు పొడిగా కనిపించినా కుచ్చు మొదట్లో తడి నిలుస్తుంది, పేపర్ నాప్కిన్‌తో గట్టిగా నొక్కి చూడండి.

డిజైన్ చేసేవాళ్లు బ్రష్‌కీ ట్యూబ్‌కీ మధ్య తిప్పి మూసే వాల్వ్ పెడితే, బ్రష్ తీసినప్పుడు క్రీము కారదు, తడి లోపలికి దిగదు. నా దృష్టిలో అది తప్పకుండా ఉండాల్సిన భాగం.

మస్కారా బ్రష్‌కు ఈ సలహా వర్తించదు. అది నేరుగా ట్యూబ్ లోపలే మునుగుతుంది, దాన్ని నీళ్లతో కడగొద్దు.