అటక తలుపు ఊరేగింపు

పడకగదికి ముదురు ఎరుపు వేయించాలనుకునే వారికి గోడలతో పేచీ ఉండదు. షేడ్ కార్డు మీద వేలు పెట్టి చూపిస్తే చాలు, దుకాణంవాళ్లు డబ్బాను యంత్రంలో పెట్టి గిలకరించి చేతికిస్తారు. పేచీ అంతా అంచుల దగ్గరే. ద్వారబంధం, తలుపు, కిటికీ ఊచలు, అటక తలుపులు, అలమర చట్రం, నేలను ఆనుకుని గది చుట్టూ తిరిగే ఆ నాలుగంగుళాల పట్టీ... వీటికి ఏ రంగు వేయాలి? ఎర్ర గోడ తన పక్కన ఎవరినీ ఊరికే కూర్చోనివ్వదు.

మా ఆవిడ ఎరుపు మీద మనసు పడింది ఒక విదేశీ పడకగది ఫొటో చూసి. ఆ గదికి పైకప్పు ఎక్కడో ఆకాశంలో ఉంది. గోడ అంచుల వెంట జానెడు వెడల్పు చెక్క పట్టీలు, వాటికి మీగడ రంగు. మాది విజయవాడలో ఒక అపార్ట్‌మెంటు. గది పదకొండు అడుగులకు పది. అందులోనే ఒక మూల ఏసీ గొట్టం, ఒక మూల అటక, తలుపు పక్కన తెల్లటి స్విచ్ బోర్డు. గోడలు ఎరుపెక్కాక ఆ స్విచ్ బోర్డు చీకట్లో పళ్లికిలించినట్టు కనబడసాగింది.

గోడలే చాలా డబ్బాలు తాగాయి. "ఎరుపు కదండీ, ఒక పట్టాన కప్పదు. కింద గ్రే ప్రైమర్ వేసి ఉంటే రంగు తక్కువ పట్టేది" అన్నాడు పెయింటర్. ఈ మాట నిజమే. మంచి ఎర్ర రంగుల్లో చాలావాటికి కింద ఉన్నదాన్ని దాచే శక్తి తక్కువ. కాకపోతే ఆయన ఈ విషయం చెప్పింది తెల్ల ప్రైమర్ మీద కోటు మీద కోటు లాగించి, బిల్లు రాసేటప్పుడు.

ఇక అంచుల పంచాయితీ. కిటికీ పక్కన నిలువుగా ఒక తెల్ల చార గీయించి, చూద్దాం రమ్మని అందరినీ పిలిచాం. మా అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయి చెంపలు వేసుకున్నారు. "జాజు, సున్నం పట్టెలు గుడి ప్రహరీకి వేస్తారు అల్లుడుగారూ. గుడి గోడకు కాళ్లు చాపుకుని పడుకుంటారా?" ఫొటోలోని దొరలు ఏ దిక్కుకు కాళ్లు పెట్టుకుని పడుకుంటారో మాకు తెలియదు గానీ, ఆ మాట చెవిన పడ్డాక మాకు మాత్రం నిద్ర పట్టదని తేలిపోయింది.

పసుపు వేయమని ఆవిడే సెలవిచ్చారు. గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వరిపిండితో ముగ్గు గీసే చెయ్యి ఆవిడది. ఎరుపు పక్కన పసుపు తప్ప ఇంకేం ఉంటుందని ఆవిడ నమ్మకం. "గడప మీద ముచ్చటగానే ఉంటుందమ్మా. నాలుగు గోడలూ అదే అయితే నాకు రోజూ పేరంటమే" అని మా ఆవిడ ఆ ప్రతిపాదనను గడప దాటనివ్వలేదు. మా అబ్బాయి నలుపన్నాడు. ఈ కాలపు పిల్లలకు అన్నిటికీ నలుపే. "తలుపు మీద తపాలా తీసే వేళలు కూడా రాయిద్దామా?" అని వాళ్లమ్మ అడిగాక వాడు మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయాడు. బంగారు రంగు సలహా నాది. శుభలేఖ తెరిచి లోపల పడుకోవడం తన వల్ల కాదంది మా ఆవిడ. పెయింటర్ ఆకుపచ్చ అన్నాడు. ఇంకెవరి ఇంట్లోనో మిగిలిన సగం డబ్బా ఆయన దగ్గర ఉందని తర్వాత తెలిసింది. ఎరుపు, ఆకుపచ్చ ఒకే పాటి వెలుగుతో ఆనుకుని ఉంటే, రెంటి మధ్య గీత కళ్లకు వణుకుతున్నట్టు ఉంటుంది. అసలే మా అత్తగారికి బీపీ.

ఈలోగా కిటికీ ఊచల పాత రంగు గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూశారు. ఊచలూ గోడలూ ఏకమైపోయాయి. ఇదే బాగుంది, ఇక్కడితో ఆపేద్దామన్నాను. అందరూ నా వంక జాలిగా చూశారు.

ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే నాకు అర్థమైంది ఇదీ: మన దేశంలో ఎరుపు పక్కనున్న స్థలమంతా ఎవరో ఒకరు ఎప్పుడో పట్టా చేయించుకున్నారు. తెలుపు దేవాదాయ శాఖది, పసుపు లక్ష్మీదేవిది, నలుపు తపాలా వారిది, బంగారం శుభలేఖల ప్రెస్సుది. మిగిలిన పోరంబోకు ఒక్కటే, బూడిద రంగు. పొద్దున్నే ప్రకటించాను. దానికి సొంతదారు ఎవరూ దొరకకపోవడంతో తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

పెయింటర్ అటక తలుపులు ఊడదీసి, బాల్కనీలో గోడకు ఆనించి, చక్కగా బూడిద రంగు ఎనామెల్ వేశాడు. ద్వారబంధానికీ అదే. ఆరాక తలుపులు తెచ్చి బిగించాడు. మా ఆవిడ మంచం మీద కూర్చుని కాసేపు చూసి, "ఇది ఆకుపచ్చ" అంది.

"గ్రే అమ్మా" అన్నాడు పెయింటర్.

"ఆ మిగిలిన డబ్బా కలిపావు కదూ?"

ఆయన తల్లి మీద ఒట్టేశాడు. డబ్బా మీది చీటీ చదివించాడు. చీటీ బూడిదే అంటోంది, తలుపు మాత్రం పాచి పట్టిన ఆకుపచ్చగానే ఉంది. ఒక తలుపు మళ్లీ ఊడదీసి, తలో చెయ్యీ వేసి బాల్కనీలోకి మోశాం. అక్కడ నిక్షేపంలాంటి బూడిద రంగు. లోపలికి తెచ్చాం, ఆకుపచ్చ. బయటికి, బూడిద. ఈసారి అత్తగారు ముందు నడుస్తూ దారిలో కుర్చీలు తీయించారు. వీధి దీపాల వెలుగులో కూడా చూద్దామని మెట్ల దాకా మోసుకెళ్లాం. పక్క ఫ్లాటులోని రిటైర్డ్ హెడ్మాస్టరు గారు తలుపు తీసి, మమ్మల్నీ మా మోతనూ ఎగాదిగా చూశారు.

"ఖాళీ చేస్తున్నారా? మా బావమరిది ఇల్లు వెతుకుతున్నాడు."

లేదండీ, రంగు చూస్తున్నాం అన్నాను. రాత్రి ఎనిమిదింటికి మెట్ల మీద తలుపు పట్టుకుని రంగు చూస్తున్నామంటే ఎవరు నమ్ముతారు? ఆయన కూడా నమ్మలేదు.

పెయింటర్ ఒట్టు నిజమే. దీనికి సాక్షి పారిస్‌లో ఉన్నాడు. గోడలకు వేలాడదీసే బొమ్మల తెరలు నేసే గోబెలాన్ కార్ఖానాలో 1824 నుంచి అద్దకాల విభాగం చూసిన షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయట. పరీక్షిస్తే దారంలో లోపం లేదు. పక్కనున్న నీలం, ఊదా దారాలు దాన్ని చూపు ముందు అలా మార్చేస్తున్నాయి. ప్రతి రంగూ తన పొరుగుదాన్ని తనకు ఎదురు రంగు వైపు నెడుతుందని 1839లో ఆయన పెద్ద గ్రంథమే ప్రచురించాడు. బూడిదను ఎరుపు ఆకుపచ్చ వైపు నెడుతుంది. ఆయన 102 ఏళ్లు బతికాడు కాబట్టి ఇంట్లో పడకగదికి ఎరుపు వేయించి ఉండడని నా గట్టి అనుమానం.

షెవ్రోల్ పేరు వినకపోయినా పెయింటర్‌కు విరుగుడు తెలుసు. "బూడిదలో కాస్త ఎరుపు కలిపితే సర్దుకుంటుంది సార్" అన్నాడు. కలిపాడు, వేశాడు. మంచం మీద కూర్చుని చూస్తే తలుపులు, ద్వారబంధం మచ్చలేని బూడిద రంగు. మా ఆవిడ మొహం వికసించింది. ఆ ఆనందంలో కాఫీ పెడదామని హాల్లోకి వెళ్లి వెనక్కి తిరిగి చూసింది. హాలు గోడలు క్రీము రంగు. అక్కడి నుంచి ద్వారబంధం గులాబీ రంగు.

అత్తగారు రెండు వైపులా నిలబడి పరిశీలించారు. "లోపల ఒక మాట, బయట ఒక మాట. ఇలాంటి వాళ్లను మీ వైపు చుట్టాల్లో చూశాను" అన్నారు నన్ను ఉద్దేశించి.

ఆదివారం పొద్దున హెడ్మాస్టరు గారి బావమరిది భార్యతో సహా దిగాడు. కాదు కూడదు అనేలోపే వంటిల్లు చూశారు, కుళాయి తిప్పి చూశారు, బాల్కనీలో గాలి బాగుందన్నారు. పడకగది గుమ్మంలో మాత్రం ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"అద్దె సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ ఎరుపు తీసేసి తెల్ల రంగు వేయించండి" అన్నాడాయన.

మిగిలిన డబ్బు కోసం వచ్చి హాల్లో కూర్చున్న పెయింటర్, అప్పటికే జేబులోంచి కొలత టేపు తీశాడు.