ఏసీ చల్లగా లేదని ఫోనొస్తే సంతోషించండి

పాత కారు అమ్మినవాడు జీవితాంతం వారంటీ ఇవ్వాలని ఏ చట్టంలోనూ లేదు. అయినా డబ్బు చేతికొచ్చిన మూడో రోజుకల్లా ఫోను మోగుతుంది. "అన్నా, ఏసీ చల్లగా రావట్లేదు. మీ దగ్గరున్నప్పుడు బాగానే ఉండేదిగా?" వెనక నుంచి బావమరిది అందిస్తుంటాడు: "యాక్సిడెంట్ బండేమో అడుగు బావా!" బండి చూడ్డానికి వచ్చిన రోజు ఈ నిపుణుడు ఎక్కడున్నాడో మాత్రం అడక్కండి.

విసుక్కోకూడదు. "రేడియేటర్ ముందు కండెన్సర్‌కి దుమ్ము పట్టిందేమో, నీళ్లు కొట్టించు తమ్ముడూ. క్యాబిన్ ఫిల్టర్ చాలా బళ్లలో గ్లోవ్ బాక్స్ వెనకే ఉంటుంది, తీసి చూడు. లీకు ఎక్కడుందో తేల్చకుండా గ్యాస్ మాత్రం పట్టించకు, మళ్లీ పోతుంది." ఇంత సేవ చేసి, అదే ఊపులో అడిగేయాలి: "ఆర్‌సీ నీ పేరు మీదకి మారిందా?"

మైలేజీ 18 అన్నారు, 12 కూడా రావట్లేదంటాడా? టైర్లలో గాలి చూసుకోమనండి, ఆర్‌సీ అడగండి. క్లచ్ ప్లేటు కాలిపోయిందా? పెడల్ మీద కాలు ఆనించి నడిపితే కొత్తదైనా అంతేనని చెప్పి, మళ్లీ ఆర్‌సీ అడగండి.

సణిగేవాడు దేవుడు. భయపడాల్సింది కిక్కురుమనని వాడికి. అతనికేం లోటు? పంతంగి టోల్ దగ్గర మీ ఫాస్టాగ్ డబ్బులు కడుతోంది, సిగ్నల్ దాటితే చలానా మీ ఫోనుకొస్తోంది. మీరు పేరు నింపకుండా సంతకం పెట్టిచ్చిన ఓనరు మార్పు కాగితాలు (ఫారం 29, 30) అలాగే ఉంచి, రేపు ఇంకొకరికి అమ్ముతాడు. 2018లో సుప్రీంకోర్టు ముందుకు అలా చేతులు మారిన కారే వచ్చింది. ప్రమాద పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న మొదటి ఓనరుదేనని కోర్టు తేల్చింది. ఆయనకు అప్పటిదాకా ఏ కంప్లయింటూ వచ్చి ఉండదు, పాపం.

కనక తాళం ఇచ్చేముందే డెలివరీ నోటు రాయించండి. తేదీతోపాటు గంట, నిమిషం కూడా వేయండి. పొద్దుటి చలానా మీది, సాయంత్రంది ఆయనది. రీడింగు, ఛాసిస్ నంబరు, ఆధార్ కాపీ, సంతకం ఉండాలి. అదే రోజు ఫాస్టాగ్ మూయించండి. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకి తెలపాల్సింది మీరే. కొన్నాయనకు గడువు 30 రోజులు.

ఆ డెలివరీ నోటులో కారు "ఉన్నది ఉన్నట్టుగా" తీసుకున్నాడన్న మాట తప్పకుండా ఉండాలి. మీటరు వెనక్కి తిప్పిన మహానుభావులకు మాత్రం అది అక్కరకు రాదు. తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని దాస్తే 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 దాన్ని మోసమనే అంటుంది.

ఇక నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు బీమా ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. కారుతోపాటు అదీ తనకే వస్తుందనుకుంటాడు కొన్నాయన. అది కారుది కాదు, మీది. బీమా కంపెనీ దగ్గర లెటర్ తీసుకుంటే మీ తర్వాతి కారుకి పనికొస్తుంది. ఈ సంగతి ఆర్‌సీ మారాకే చెప్పండి.