‘బోర్డర్‌లో ఉంది’ అన్న తర్వాత

"బోర్డర్‌లో ఉంది, కాస్త జాగ్రత్తగా ఉండండి." మూడేళ్ల కిందట నా రిపోర్టు చూసి డాక్టర్ అన్న మాట అదొక్కటే. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్ అంటారని ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. జాగ్రత్త అంటే ఏం చేయాలో, ఎన్నాళ్లు చేయాలో, చేయలేకపోతే ఎవరిని అడగాలో తెలియలేదు. రెండు వారాలు నడిచాను. మూడో వారం పని టెన్షన్‌లో నడక ఆగిపోయింది. తప్పు నాదేననుకుని చాలాకాలం బాధపడ్డాను.

ఇప్పుడు అలా అనుకోవడం లేదు. షుగర్ అంచున ఉన్నవాళ్లకు ఒక మాట చెప్పి పంపేయడం వైద్యం కాదు. ఏడాది పాటు వెంట ఉండి నడిపించే కార్యక్రమంలో వాళ్లను చేర్పించాలి.

2002లో ఫలితాలు వెలువడిన అమెరికా అధ్యయనం, డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్, నాకు ఈ నమ్మకం కలిగించింది. అందులో షుగర్ అంచున ఉన్న 3,234 మందిని మూడు బృందాలు చేశారు. ఒక బృందానికి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర, ఇంకో బృందానికి మందు లేని మాత్ర, మూడో బృందానికి జీవనశైలి శిక్షణ. సగటున దాదాపు మూడేళ్లు గమనించారు. మందు లేని మాత్ర వాడినవాళ్లతో పోలిస్తే షుగర్ రావడం మెట్‌ఫార్మిన్‌తో 31 శాతం, శిక్షణతో 58 శాతం తగ్గింది. అరవై దాటినవాళ్లలోనైతే శిక్షణతో 71 శాతం.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మాత్రల బృందాలను కూడా ఊరికే వదిలేయలేదు. ఎలా తినాలో, ఎంత నడవాలో రాసిచ్చారు, ఏడాదికోసారి కూర్చోబెట్టి అరగంట దాకా చెప్పారు. అంటే నా డాక్టర్ చెప్పినదానికంటే చాలా ఎక్కువే చెప్పారు. శిక్షణ పొందినవాళ్లు అలాంటివాళ్లకంటే కూడా 58 శాతం మెరుగ్గా ఉన్నారు!

మరి శిక్షణలో ఏముంది? ఒంటి బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. ఎనభై కిలోల మనిషికి ఇది ఐదున్నర కిలోల పైచిలుకు, అంతే. ప్రతి ఒక్కరికీ ఒక కోచ్. ఆరు నెలల్లో 16 పాఠాలు. తిన్నది రాసుకోవడం, బరువు చూసుకోవడం, బయట తినాల్సి వస్తే ఏం ఎంచుకోవాలో ఆలోచించుకోవడం. నాకు అన్నిటికంటే నచ్చింది, దారి తప్పిన వారం తర్వాత మళ్లీ ఎలా మొదలుపెట్టాలో నేర్పే పాఠం. నా మూడో వారంలో నాకు కావలసింది సరిగ్గా అదే.

ఇంత ఏర్పాటు అందరికీ ఎలా కుదురుతుందని అడగవచ్చు. అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో వైఎంసీఏ అనే సేవాసంస్థ సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ఇవే పాఠాలను బృందంగా చెప్పించి చూశారు. ఆరు నెలల్లో బరువు 6 శాతం తగ్గింది. క్లుప్తంగా సలహా మాత్రమే పొందినవాళ్లలో 2 శాతమే. డాక్టర్లే చెప్పాలన్న నియమమేమీ లేదు.

బరువు తూకంలో కనపడకపోయినా నిరాశపడక్కర్లేదు. చెన్నైలో 531 మందితో చేసిన అధ్యయనంలో జీవనశైలి బృందం పెద్దగా బరువు తగ్గలేదు, అయినా షుగర్ ముప్పు 28.5 శాతం తగ్గింది.

"ఎలాగూ రావలసిందే కదా, కాస్త ఆలస్యమవుతుంది, అంతేగా" అనేవాళ్లున్నారు. చైనాలోని డాచింగ్‌లో 1986లో మొదలైన కార్యక్రమం ఆరేళ్లే నడిచింది. ముప్పై ఏళ్ల తర్వాత చూస్తే, అందులో ఉన్నవాళ్లకు షుగర్ సగటున దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది, గుండెజబ్బు మరణాలూ తగ్గాయి. కళ్లకు, కిడ్నీలకు, నరాలకు దొరికిన నాలుగేళ్లవి. వాటిని చిన్నచూపు చూడటం నావల్ల కాదు.

సంఘాలు నడిపే పెద్దలను నేను అడిగేది ఇదే: వారానికి ఒక గంట ఒక గది ఇవ్వండి. పనికి వెళ్లేవాళ్లు కూడా రాగలిగేలా సాయంత్రం పూట పెట్టండి. పదిహేను మంది, ఒక తూకం మిషన్, శిక్షణ పొందిన ఒక కోచ్ చాలు. ఎవరైనా రెండు వారాలు రాకపోతే, మూడో వారం వాళ్లకు ఫోన్ చేసే పని నాకు అప్పగించండి.