ఫెడరల్ డ్రగ్స్ కేసు ‘ఎక్కడైనా ఒకటే’ అనే ఫార్వర్డ్‌ను నమ్మొద్దు

అమెరికాలో చదువుకుంటున్న తెలుగు పిల్లల గ్రూపుల్లోనూ, ఇక్కడ గుంటూరులో, కరీంనగర్‌లో ఉన్న వాళ్ల అమ్మానాన్నల గ్రూపుల్లోనూ ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: “ఫెడరల్ డ్రగ్స్ చట్టం దేశమంతటికీ ఒక్కటే. కాబట్టి ఏ రాష్ట్రంలో పట్టుబడినా కేసు ఒకటే, శిక్ష ఒకటే. సరుకు కొంచెమే అయితే ఫెడరల్ వాళ్లు పట్టించుకోరు. గంజాయి లీగల్ అయిన రాష్ట్రంలో ఉంటే భయమే లేదు. ప్యాకెట్ మోసినవాడికి ఏమీ కాదు. మొదటిసారి అయితే ప్రొబేషన్ ఇచ్చి పంపేస్తారు. ఏజెంట్లు వస్తే లాయరు కోసం ఆగకుండా ఉన్నదంతా చెప్పేయండి, వదిలేస్తారు.”

ఇందులో మొదటి వాక్యం ఒక్కటే నిజం. మిగతాదంతా తప్పు, పైగా ప్రమాదకరమైన తప్పు. కొడుకు అరెస్టయ్యాడని తెలిసిన తండ్రి ఇలాంటి మెసేజ్ నమ్మి మొదటి రెండు రోజులు వృథా చేస్తే, ఆ నష్టం తర్వాత ఏ లాయరూ పూడ్చలేడు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

మొదట ‘చట్టం ఒక్కటే కాబట్టి శిక్ష ఒకటే’ అన్న మాట. చట్టం ఒక్కటే, నిజం. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) చట్టాల 21వ టైటిల్‌లోని 841వ సెక్షన్ మెయిన్ రాష్ట్రంలో ఎలా ఉందో హవాయిలోనూ అలాగే ఉంది. ఫెంటానిల్ (చాలా శక్తిమంతమైన కృత్రిమ మత్తుమందు) కలిసిన సరుకు 400 గ్రాములు, కొకైన్ 5 కిలోలు, హెరాయిన్ 1 కిలో ఉంటే కనీసం 10 ఏళ్లు. ఫెంటానిల్ 40 గ్రాములు, కొకైన్ 500 గ్రాములు, హెరాయిన్ 100 గ్రాములు ఉంటే కనీసం 5 ఏళ్లు. ఈ అంకెలు ఎక్కడా మారవు. కానీ ఈ సెక్షన్‌ను ఎవరిపై పెట్టాలి, ఎంత సరుకు లెక్కలో చూపాలి, కేసును స్టేట్ కోర్టుకే వదిలేయాలా అన్నది తేల్చేది చట్టం కాదు. ఆ జిల్లా ప్రాసిక్యూటర్ ఆఫీసు.

అమెరికా మొత్తం 94 ఫెడరల్ న్యాయ జిల్లాలుగా ఉంది. ప్రతి జిల్లాకూ అధ్యక్షుడు నియమించే ప్రధాన ప్రాసిక్యూటర్, అంటే యూఎస్ అటార్నీ, ఉంటారు (గువామ్‌కూ ఉత్తర మరియానా దీవులకూ కలిపి ఒక్కరే). జిల్లా అంటే రాష్ట్రం అనుకోవద్దు. న్యూజెర్సీ మొత్తం ఒకే జిల్లా. టెక్సాస్‌లో నాలుగున్నాయి. డాలస్ వైపు మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లనే చూడండి: ఇర్వింగ్ నార్తర్న్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తుంది, ఫ్రిస్కో, ప్లేనో ఈస్టర్న్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తాయి. కారులో కాసేపట్లో వెళ్లిపోయే దూరం. ప్రాసిక్యూటర్లు వేరు, జడ్జీలు వేరు, పబ్లిక్ డిఫెండర్ (డబ్బు లేనివాళ్లకు కోర్టు ఇచ్చే లాయరు) ఆఫీసు వేరు.

తేడా ఎంత దూరం పోతుందో చెప్పడానికి అయోవా సంగతి ఒక్కటి చాలు. 851వ సెక్షన్ అని ఒకటుంది. నిందితుడికి పాత డ్రగ్స్ కేసులో శిక్ష పడి ఉంటే, ప్రాసిక్యూటర్ ఆ సంగతి చెబుతూ కోర్టులో ఒక నోటీసు దాఖలు చేయవచ్చు. చిన్న కాగితం. విచారణ మొదలవకముందే, లేదా నిందితుడు నేరం ఒప్పుకోకముందే వేయాలి. వేశారంటే కనీస శిక్ష అమాంతం పెరుగుతుంది. 2018 డిసెంబరులో ఫస్ట్ స్టెప్ చట్టం వచ్చేదాకా 10 ఏళ్లది 20 అయ్యేది, పాత శిక్షలు రెండుంటే యావజ్జీవం. ఇప్పుడు 15, 25. ఆ కాగితం వేయాలా వద్దా అన్నది పూర్తిగా ప్రాసిక్యూటర్ ఇష్టం. ఆ పాత శిక్ష చట్టం చెప్పిన కోవలోకి వస్తే, వేయొద్దని అడ్డుకునే అధికారం జడ్జికి లేదు.

2013లో అయోవా నార్తర్న్ డిస్ట్రిక్ట్ జడ్జి మార్క్ బెన్నెట్ తన తీర్పులో, ఫెడరల్ శిక్షలకు మార్గదర్శకాలు తయారుచేసే సెంటెన్సింగ్ కమిషన్ లెక్కలు ముందు పెట్టుకుని ఈ పద్ధతిని కడిగేశారు. ఆయన జిల్లాలో ఈ నోటీసుకు వీలున్న నిందితుల్లో దాదాపు 79 శాతం మందిపై అది పడింది. పక్కనున్న నెబ్రాస్కాలో దాదాపు 3 శాతం మందిపైనే. అంటే 26 రెట్ల తేడా. బెన్నెట్ కోర్టు ఉన్న సూ సిటీకి ఎదురుగా, మిజోరీ నది అవతల ఒడ్డున ఉన్నదే నెబ్రాస్కా. వంతెన దాటితే ఇంకో జిల్లా. చట్టంలో ఒక్క అక్షరం మారదు, మనిషి జీవితంలో పదేళ్లు మారిపోతాయి. ‘ఎక్కడైనా ఒకటే’ అని రాసినవాళ్లు ఈ ఒక్క తీర్పు చదివినా ఆ మాట రాసేవారు కాదు.

జడ్జీల సంగతీ అంతే. 2005లో సుప్రీంకోర్టు బుకర్ కేసులో శిక్షల మార్గదర్శకాలు సలహా మాత్రమేనని తేల్చింది. ఉదాహరణకు మెత్ (మెథాంఫెటమిన్) కేసుల్లో సరుకు ఎంత స్వచ్ఛమైతే మార్గదర్శకం అంత ఎక్కువ శిక్ష చెబుతుంది. దక్షిణ మిసిసిపీలో జడ్జి కార్ల్‌టన్ రీవ్స్ 2022లో ఆ తేడా అర్థం లేనిదని పక్కన పెట్టేశారు. దాన్ని పాటించే జడ్జీలు వేరే చోట్ల ఉన్నారు. బుకర్ తర్వాత జిల్లాల మధ్య శిక్షల తేడాలు కొనసాగుతూనే ఉన్నాయని సెంటెన్సింగ్ కమిషన్ 2020 నివేదికలో తనే చెప్పింది. వాషింగ్టన్‌లో న్యాయశాఖ అధిపతులుగా ఉండే అటార్నీ జనరల్స్ నుంచి వచ్చే ఆదేశాలు కూడా నిలకడగా ఉండవు. చిన్న స్థాయి నిందితులపై కనీస శిక్షల సెక్షన్లు పెట్టొద్దని 2013లో హోల్డర్ అన్నారు. రుజువు చేయగలిగిన వాటిలో పెద్ద నేరమే పెట్టాలని 2017లో సెషన్స్ అన్నారు. 2022లో గార్లాండ్ మళ్లీ సడలించారు. 2025లో బాండీ మళ్లీ బిగించారు.

ఈ అపోహ మనవాళ్లకు ఎందుకు తేలిగ్గా ఎక్కుతుందో నాకు అర్థమవుతుంది. ఇండియాలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఒక్కటే ఉంది. విశాఖ ఏజెన్సీలో గంజాయి బండిని లోకల్ పోలీసు ఆపినా, ఎన్‌సీబీ ఆపినా అదే చట్టం. 20 కిలోలు దాటితే కమర్షియల్ పరిమాణం, కనీసం పదేళ్లు, బెయిల్ కష్టం. అమెరికాలో అలా కాదు. రాష్ట్ర చట్టం ఒకటి, ఫెడరల్ చట్టం ఇంకొకటి. ఒకే పనికి రెండు కోర్టుల్లోనూ కేసు పెట్టొచ్చని 2019లో గాంబుల్ తీర్పులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది.

‘కొంచెమే అయితే పట్టించుకోరు’ అన్నది రెండో మాట. 40 గ్రాములంటే నాలుగు తులాల బంగారం తూకం. అంత ఫెంటానిల్ సరుకుకే కనీసం ఐదేళ్లు. అందులో అసలు మందు ఎంత, కలిపిన పొడి ఎంత అని విడదీయరు, మొత్తం తూకమే లెక్క. నకిలీ మాత్ర ఒక్కోటి గ్రాములో పదో వంతు ఉంటుంది కాబట్టి ఓ నాలుగు వందల మాత్రలతోనే ఆ గీత దాటేస్తారు. అంతకన్నా తక్కువైనా 20 ఏళ్ల వరకు శిక్ష వేసే వీలుంది.

పోనీ, ఆచరణలో వదిలేస్తారా? అదీ జిల్లాను బట్టే. 2018 జులైలో న్యాయశాఖ ఓవర్‌డోస్ మరణాలు ఎక్కువగా ఉన్న 10 జిల్లాలను ఎంచుకుంది. ఒక్కో జిల్లాలో ఒక కౌంటీ (అంతకన్నా చిన్న పాలనా విభాగం) తీసుకుని, ఫెంటానిల్ లాంటి వాటి కేసు రుజువయ్యేలా ఉంటే పరిమాణం ఎంతన్నది చూడకుండా ఫెడరల్ కోర్టుకే తెమ్మంది. పక్క కౌంటీలో అదే మనిషి స్టేట్ కోర్టుకు పోయేవాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2023 చివర్లో ఇంకో దారి పట్టారు. టెండర్‌లాయిన్ వీధుల్లో చిల్లరగా అమ్మేవాళ్లను ఫెడరల్ కోర్టుకే తెచ్చారు. కానీ వెంటనే నేరం ఒప్పుకుంటే, అప్పటిదాకా కస్టడీలో ఉన్న కాలానికి ఒక రోజు కలిపి శిక్షగా సరిపెట్టి, మూడేళ్ల పర్యవేక్షణలో ఉంచి, ఆ పేటలో అడుగు పెట్టొద్దన్నారు. న్యూయార్క్‌లో 1980ల్లో జూలియానీ యూఎస్ అటార్నీగా ఉన్నప్పుడైతే ‘ఫెడరల్ డే’ ఉండేది. వారంలో ఒక రోజు వీధిలో దొరికిన చిన్న అమ్మకందార్లను ఫెడరల్ కోర్టుకు పంపేవారు. మిగతా రోజుల్లో స్టేట్ కోర్టుకు. జిల్లా సరే, ఏ రోజు దొరికారన్నది కూడా లెక్కలోకి వచ్చేది!

గంజాయి లీగల్ అయిన రాష్ట్రం సంగతి. రాష్ట్రం లీగల్ చేసినా ఫెడరల్ చట్టం దృష్టిలో అమ్మకం నేరమే. లీగల్ రాష్ట్రాల జోలికి పెద్దగా పోవద్దన్న 2013 నాటి కోల్ మెమోను 2018 జనవరి 4న సెషన్స్ రద్దు చేశారు. అప్పుడేమైందో గమనించండి. మా పద్ధతి మారదని కొలరాడో యూఎస్ అటార్నీ బాబ్ ట్రాయర్ అన్నారు. ఎవరికీ ముందుగా హామీ ఇవ్వలేనని మసాచుసెట్స్ యూఎస్ అటార్నీ ఆండ్రూ లెల్లింగ్ అన్నారు. రెండూ గంజాయి లీగల్ అయిన రాష్ట్రాలే. వైద్య అవసరాల గంజాయికి కాంగ్రెస్ బడ్జెట్ షరతు ద్వారా కొంత రక్షణ ఉంది, మిగతాదానికి ఆ అటార్నీ మనసే రక్షణ. పౌరులు కాని మనవాళ్లకు ఇంకో చిక్కు. లీగల్ షాపులో ఉద్యోగం చేసినా పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తన దెబ్బతినవచ్చని అమెరికా ఇమిగ్రేషన్ విభాగం యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లోనే రాసి పెట్టింది.

‘మోసినవాడికి ఏమీ కాదు’ అన్నదానిపై ఎక్కువ చెప్పక్కర్లేదు. కుట్ర సెక్షన్ 846 కింద ఒప్పందం రుజువైతే చాలు, వేరే పనేదీ చేసి ఉండక్కర్లేదని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. రైడ్ ఇచ్చినవాడు, అడ్రస్ వాడుకోనిచ్చినవాడు, జెల్ (Zelle) యాప్‌లో డబ్బు తిప్పినవాడు, తెలిసి చేస్తే అందరూ అందులోకి వస్తారు. ప్యాకెట్‌లో ఏముందో కావాలనే అడగకుండా ఉండటం కూడా చాలాసార్లు తెలిసినట్టే లెక్క. పార్సిల్ బయల్దేరిన జిల్లాలోనూ, చేరిన జిల్లాలోనూ కేసు పెట్టొచ్చు కాబట్టి, న్యూజెర్సీలో ఉన్న కుర్రాడు ఎప్పుడూ అడుగు పెట్టని ఒహాయో కోర్టులో నిలబడాల్సి రావచ్చు.

‘మొదటిసారి కదా, ప్రొబేషన్’ అన్నది తల్లిదండ్రులు గట్టిగా పట్టుకునే ఆశ. డ్రగ్స్ అమ్మకం కింద ఫెడరల్ కోర్టులో శిక్ష పడేవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా జైలుకే పోతారు. కనీస శిక్ష ఉన్న కేసులో ప్రొబేషన్ చట్టమే ఒప్పుకోదు. 1987 నవంబరు తర్వాతి నేరాలకు పెరోల్ కూడా లేదు, మంచి ప్రవర్తనకు ఏడాదికి 54 రోజుల వరకే తగ్గుతుంది. బెయిల్ దగ్గరే మొదలవుతుంది టెన్షన్. పదేళ్లు, ఆపైన శిక్ష పడే డ్రగ్స్ కేసులో జైల్లోనే ఉంచాలన్న భావనతో కోర్టు మొదలుపెడుతుంది, కాదని చూపాల్సిన భారం మీమీద పడుతుంది. విదేశీ పాస్‌పోర్టు ఉంటే ఇంకా కష్టం. ఇక్కడా జిల్లాల మధ్య తేడా బాగానే ఉంది. మొదటిసారి వాళ్లకు ఉన్న నిజమైన దారి ‘సేఫ్టీ వాల్వ్’. పాత కేసుల చరిత్ర పెద్దగా లేకుండా, తుపాకీ, హింస లేకుండా, ఎవరూ చనిపోకుండా, తను నాయకుడు కాకుండా ఉండి, తనకు తెలిసినది నిజంగా చెబితే జడ్జి కనీస శిక్ష కన్నా కిందికి దిగవచ్చు. అది ప్రొబేషన్ హామీ కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఏ జిల్లా అయినా ఒకటే, దాన్ని ఆ మెసేజ్ ప్రస్తావించనే లేదు. ఇమిగ్రేషన్. డ్రగ్స్ అమ్మకం నేరం ‘అగ్రవేటెడ్ ఫెలనీ’, అంటే ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో తీవ్రమైన నేరాల కోవలోనిది. శిక్ష ఎంత చిన్నదన్నది చూడరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక్క రోజుతో బయటపడినవాడికీ, అయోవాలో ఇరవై ఏళ్లు పడినవాడికీ దేశం నుంచి పంపేసే ప్రక్రియ తప్పదు. గ్రీన్ కార్డు ఉన్నా సరే. కాబట్టి తక్కువ శిక్ష వస్తోందని వెంటనే ఒప్పుకోవడం మన పిల్లలకు అన్నిసార్లూ మంచి బేరం కాదు. నేరం ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ పర్యవసానం చెప్పడం లాయరు బాధ్యత అని 2010లో పడీలా తీర్పు వచ్చింది. చెప్పకపోతే మీరే అడగండి.

చివరిది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది: ‘ఏజెంట్లకు అన్నీ చెప్పేయండి’. కేసు తగ్గించే అధికారం ఏజెంటుకు లేదు, అది ప్రాసిక్యూటర్‌ది. సహకరించినందుకు శిక్ష తగ్గించమని కోర్టును అడగాల్సిందీ ప్రాసిక్యూటరే, ఎంత తగ్గించమని అడుగుతారన్నది మళ్లీ జిల్లాను బట్టి. లాయరు లేకుండా చెప్పిన మాటల్లో సరుకు తూకం పెరిగితే శిక్షా పెరుగుతుంది. భయంతో ఒక్క అబద్ధం ఆడినా దానికి విడిగా ఐదేళ్ల వరకు పడే సెక్షన్ ఉంది. “లాయరుతోనే మాట్లాడతాను” అనే ఒక్క వాక్యం చాలు. లాయరుకు డబ్బు లేకపోతే ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్‌ను కోర్టే ఇస్తుంది, పౌరుడు కాకపోయినా ఇస్తుంది. ఇండియన్ కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు కూడా ఉంది. సొంతంగా లాయరును పెట్టుకుంటే, వేరే రాష్ట్రంలో బావగారి కేసు గెలిపించినాయన కోసం చూడకండి. ఆ జిల్లా ఫెడరల్ కోర్టులోనే రోజూ నిలబడే లాయరును వెతకండి. మొదటి రోజే మూడు అడగండి: ఏ సెక్షన్ కింద, ఎంత తూకం చూపారు? 851 నోటీసు వేసే అవకాశం ఉందా? సేఫ్టీ వాల్వ్‌కు మావాడు సరిపోతాడా?