సొంత సొమ్ము ఎరువుకా?

ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు. పేరంటానికి పక్కింటి నగ పెట్టుకెళ్లేవారి సంగతి అది. తమ తాతముత్తాతల నగల్నే, వాటిని ఎత్తుకుపోయినవాళ్ల దగ్గర సంతకం పెట్టి ఎరువు తెచ్చుకోవాల్సి వస్తే? ఘానాలో కుమాసి కేంద్రంగా ఉన్న అసాంతే ప్రజలకు సరిగ్గా అదే జరిగింది. 2024లో బ్రిటిష్ మ్యూజియం 15, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 17 వస్తువుల్ని కుమాసిలోని మన్హియా ప్యాలెస్ మ్యూజియానికి పంపాయి. ఇచ్చింది మూడేళ్లకే. మరో మూడేళ్లు పొడిగించే వీలుంది. ఒప్పందం ప్రకారం ఆ తర్వాత అవి లండన్ చేరాల్సిందే.

అసలు వాటిలో చాలావరకు లండన్ ఎలా చేరాయి? 1874 ఫిబ్రవరిలో వోల్స్‌లీ నాయకత్వంలోని బ్రిటిష్ సేన కుమాసిలోకి వచ్చేసరికి రాజు కోఫీ కరికారి ఊళ్లో లేడు. సైనికులు ప్యాలెస్‌లో దొరికినంత మూటకట్టుకుని, దాన్ని పేల్చేసి, ఊరికి నిప్పు పెట్టారు. అదీ చాలక, యుద్ధ ఖర్చుల కింద 50,000 ఔన్సుల బంగారం మీరే కట్టాలన్నారు. కొద్ది నెలల్లోనే ఆ దోపిడీ బంగారం లండన్‌లో గారార్డ్ అనే నగల దుకాణంలో అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు ఎరువిచ్చిన వస్తువుల్లో కొన్నింటిని విక్టోరియా మ్యూజియం అప్పట్లో అక్కడే కొన్నది. రసీదు ఉన్నంత మాత్రాన దోపిడీ సొమ్ము కడిగిన ముత్యమైపోదు. అదే దోపిడీలో పోయిన, కిలో పైచిలుకు బరువున్న బంగారు శిరస్సు నేటికీ లండన్‌లోని వాలెస్ కలెక్షన్ మ్యూజియంలోనే ఉంది.

ఎరువు వచ్చినవాటిలో బంగారు బిళ్లలున్నాయి. రాజు ఆత్మను శుద్ధి చేసే కొలువువారు గుండెల మీద వేలాడేలా మెడలో వేసుకునేవి అవి. రాజుకు విధేయత ప్రమాణం చేసే ఖడ్గం కూడా ఉంది. కుమాసిలో 42 రోజులకోసారి అక్వాసిదాయే పండుగనాడు అసాంతేహెనే, అంటే అసాంతే రాజు, నేటికీ కొలువు తీరుతాడు. అంటే ఈ ఖడ్గానికి, బిళ్లలకు అక్కడ ఇప్పటికీ పని ఉంది. లండన్‌లో వాటికి అద్దాల పెట్టె తప్ప మరేముంది?

చట్టం ఒప్పుకోదన్నది లండన్ జవాబు. సేకరణలోని వస్తువుల్ని వదులుకోకుండా 1963, 1983 చట్టాలు ఈ రెండు మ్యూజియాల చేతులు కట్టేశాయన్నది నిజమే. కానీ మానవ అవశేషాలను తిరిగి ఇవ్వడానికి 2004లో, నాజీల కాలంలో యూదులు పోగొట్టుకున్న కళాఖండాల కోసం 2009లో అదే పార్లమెంటు దారి చూపింది. ఆ రెండూ చేయదగ్గ పనులే. మరి కుమాసి విషయంలో అడ్డొస్తున్నదేమిటి? ఆఫ్రికాలో భద్రత ఉండదని ఇక ఎవరైనా అంటే నవ్వుకోవాలి. దాదాపు 2,000 వస్తువులు పోయాయనో, దొంగతనానికి గురయ్యాయనో, దెబ్బతిన్నాయనో 2023లో తేలింది బ్రిటిష్ మ్యూజియంలోనే. డైరెక్టర్ రాజీనామా కూడా చేశారు.

మనసుంటే మార్గం ఎంత సులువో అమెరికాలో ఫౌలర్ మ్యూజియం చూపించింది. దోపిడీ జరిగి 150 ఏళ్లయిన సందర్భంగా 2024 ఫిబ్రవరిలో ఏడు వస్తువుల్ని ఏ షరతూ లేకుండా కుమాసికి అప్పగించింది.

అప్పుగా తీసుకుంటే వాళ్ల హక్కును ఒప్పుకున్నట్టే కదా అని ఘానాలోనే కొందరు మండిపడ్డారు. ఆ కోపంలో న్యాయముంది. అయినా ఇప్పటి అసాంతే రాజు రెండో ఒసేయ్ టుటు తీసుకోవడమే సరైన పని అని మా అభిప్రాయం. లండన్ మనసు మారేదాకా ఆగితే ఇంకో తరం వాటిని చూడకుండానే పోతుంది. అన్నట్టు, అవి ఇప్పుడు కొలువైన భవనానికీ ఒక కథ ఉంది. 1896లో బ్రిటిష్‌వారు పట్టుకుపోయిన అసాంతే రాజు మొదటి ప్రెంపే సీషెల్స్ ప్రవాసం ముగించుకుని 1924లో తిరిగొస్తే, ఆయన కోసం వాళ్లే ఆ ఇల్లు కట్టించారు. తన ప్రజలు ఖర్చంతా చెల్లించేదాకా ఆయన అందులో కాలు పెట్టలేదు.

ఇందులో మనకూ పాలుంది. వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన సున్నపురాయి శిల్పాలు మద్రాసు మీదుగా 1859లో లండన్ వెళ్లాయి. నూటికి పైగా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కుమాసి బంగారంలా అవి యుద్ధంలో కొల్లగొట్టినవి కావు. కానీ వాటిని అక్కడ బిగించి పెట్టింది మాత్రం అదే 1963 చట్టం. కోహినూర్ పేరెత్తగానే ఊగిపోయే మనం వీటిని అంతగా తలచుకోం. ఆ చట్టాన్ని సవరించాలని ఘానా అడిగితే, ఆ అర్జీ మీద మన కేంద్ర ప్రభుత్వమూ సంతకం పెట్టాలి. పెట్టేలా రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో పట్టుబట్టాలి.