రెండు చుట్లు పైకి, రెండు చుట్లు కిందికి

కారు టైరుకీ, దాని పైనున్న ఫెండర్ అంచుకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంటుంది. మామూలు మనుషులు దాన్ని పట్టించుకోరు. మా బామ్మర్దికి మాత్రం కారులో కనబడేది అదొక్కటే. ఏ పార్కింగులో నిలబడినా ఆ సందులో చెయ్యి దూర్చి, "ఛ, ఇంత గ్యాపేంటి బావా" అని పెదవి విరిచేవాడు.

ఆ దిగులు తీరడానికి తన స్విఫ్ట్‌కి కాయిలోవర్లు తెప్పించాడు. స్ప్రింగూ, షాకబ్జార్బరూ కలిసి వస్తాయి; షాకబ్జార్బర్ ఒంటికి బోల్టుకున్నట్టు మరలుంటాయి; వాటి మీదున్న కాలర్ అనే రింగు తిప్పితే బండి ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. ఉన్న స్ప్రింగునే గ్రైండర్‌తో కోయించుకునే మహానుభావుల కంటే వాడు బుద్ధిమంతుడని ఒప్పుకోవాలి. పైగా లెక్క వేసి చూపించాడు. కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి పొట్టకీ మధ్య ఖాళీ, 163 మిల్లీమీటర్లు. 40 తగ్గిస్తే 123. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. "ఇంకా 2.3 సెంటీమీటర్లు మిగులే బావా!"

మా నిజాంపేట కాలనీలో బ్రేకర్ వేసిన మేస్త్రీ ఆ నిబంధన చదివినట్టు లేడు. ఎవరి స్లాబుకో కలిపిన కాంక్రీటు మిగిలితే రాత్రికి రాత్రే రోడ్డుకు అడ్డంగా పోసేశారు. దుప్పటి ముసుగేసి పడుకున్న మనిషిలా ఉంటుందది.

మామగారు పేపరు దించి, "కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది కదరా" అన్నారు. "అది వేరే కేసు నాన్నా" అన్నాడు వీడు. ఆయన రిటైరైన గవర్నమెంటు ఉద్యోగి. చెప్పడం వరకే తన పని, అమలు వేరే సెక్షన్ చూసుకుంటుందన్నట్టు మళ్లీ పేపరు ఎత్తుకున్నారు.

ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పని మొదలైంది. పాత స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జార్బరూ ఉన్న జత) పైనుండే మౌంట్ తీసి కొత్తదానికి వెయ్యాలి. దానికి స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కి పట్టాలి. ఆ పని చేసేటప్పుడు మెకానిక్ భాయ్ మమ్మల్ని చూసి, "జర దూరం జరగుండ్రి సార్, ఇది జారితే దవడ పోతది" అన్నాడు. నేను స్తంభం వెనక్కి వెళ్లి అక్కడి నుంచి ధైర్యం చెప్పాను.

సాయంత్రానికి నాలుగూ ఎక్కాయి. ఇక ఎత్తు సరిచేయాలి. "బండి జాకీ దించినంక ముందుకీ వెనక్కీ తోయాలె, స్ప్రింగ్ కూసోవాలె, అప్పుడు చక్రం నడిమి నుంచి ఫెండర్ దాకా టేపుతో కొలవాలె" అన్నాడు భాయ్. మా అత్తగారి కుట్టుమిషన్ డబ్బాలోంచి టేపు కూడా తెచ్చాను. బామ్మర్ది నవ్వి, ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి బానెట్ మీద పెట్టాడు. టేపుల కాలం పోయిందట. ఎడమ కాలర్ రెండు చుట్లు కిందికి, కుడిది రెండు చుట్లు పైకి. మళ్లీ జాకీ, మళ్లీ తోపుడు. చివరికి యాప్‌లో సున్నా వచ్చింది. భాయ్ ఏమీ అనలేదు, డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు.

కడిగిన నీళ్లు మోరీలోకి పోవాలని బిల్డర్లు సెల్లార్ నేలకు ఒక పక్కకి వాలు పెడతారు. వాలు నేల మీద తిన్నగా నిలబడేలా బిగించిన కారు చదును రోడ్డెక్కగానే ఎడమ పక్కకి ఒరిగింది. జనం ఎంత మంచివాళ్లో ఆ రోజే తెలిసింది. సిగ్నల్ దగ్గర బైక్ అతను అద్దం కొట్టి మరీ, "అన్నా, పంచర్!" అన్నాడు. ఆటో అతను అన్నాడు. టీ కొట్టతను పంచర్ షాపుకి దారి కూడా చెప్పాడు. మర్నాడు టేపుతో కొలిచి సరిచేశారు. ఎత్తు మారిన ప్రతిసారీ వీల్ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి, లేకపోతే టైర్లు ఒక అంచునే అరిగిపోతాయి. అలైన్‌మెంట్ షాపతను మా వాణ్ణి చూస్తే కుర్చీ వేయడం మొదలుపెట్టాడు.

తర్వాతి వారం యాదగిరిగుట్టలో వ్రతం. ఐదుగురం ఎక్కేసరికి ఆ 123లో ఎంత మిగిలిందో తెలియదు కానీ సెల్లార్ ర్యాంప్ ఎక్కాక కారు పొట్ట అంచుకి తగిలి ఆగిపోయింది. అందరం దిగాం. కాలనీ బ్రేకర్ దగ్గర మళ్లీ దిగాం. మామగారికి మోకాళ్ల నొప్పులు. ఆయన ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో నన్ను పట్టుకుని లేచి, బ్రేకర్ దాటి అవతల నిలబడేవారు. బండి ఏటవాలుగా, ఒక్కో చక్రమే ఎక్కించి దిగేది. వెనక వాటర్ ట్యాంకర్ హారన్.

ఉప్పల్ దాటి భువనగిరి రోడ్డెక్కాక ప్రాణం కుదుటపడింది. ఆ జాతీయ రహదారి నంబరు 163. కారుకి కంపెనీ ఇచ్చిన ఎత్తు కూడా అంతే కదా అని నాకు తోచింది కానీ, బామ్మర్ది మొహం చూసి ఊరుకున్నాను.

గుట్ట కింద మామగారు కాలు చాపుకుని కూర్చుని, "ఒరేయ్, తిప్పితే పైకి లేస్తుందన్నావు కదా, తిప్పు" అన్నారు. డిక్కీలోంచి జాకీ, కాలర్ తిప్పే సీ స్పానర్ వచ్చాయి. అత్తగారి నడుము కోసం ఇంటికొచ్చాక రెండు చుట్లు, మా ఆవిడ కోసం రెండు, ర్యాంప్ కోసం రెండు. ఇలా తిప్పగా తిప్పగా ఇప్పుడు బండి కంపెనీ ఎత్తుకి వచ్చేసింది. అలైన్‌మెంట్ కూడా అయింది.

నిన్న మామగారు టార్చి పట్టుకుని చక్రం వెనక్కి తొంగిచూశారు. "ఇంకా మరలు మిగిలాయి కదరా. ఇంకో రెండు చుట్లు ఎత్తెయ్యి, ఎక్కి దిగడానికి సుఖంగా ఉంటుంది."